ఎన్‌క్లెక్స్ రెండోసారి: ‘అర్థమైందా’ అని అడగడం మానేశాక

నిన్న సాయంత్రం ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సుగా పనిచేయడానికి రాయాల్సిన లైసెన్స్ పరీక్ష) రిజల్ట్ వచ్చింది. పాస్. అమ్మకి ఫోన్ చేస్తే నా నోట మాట రాలేదు. అటువైపు ఆవిడ ‘ఏమైందే, మళ్లీ పోయిందా?’ అని కంగారు పడిపోయింది. పోలేదమ్మా అని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

మొదటిసారి 150 ప్రశ్నలదాకా వెళ్లి ఫెయిలయ్యాను. ఈసారి 85కే కంప్యూటర్ పరీక్ష ముగించేసింది. మన జవాబుల్ని బట్టి ఎక్కడ ఆపాలో అదే నిర్ణయిస్తుంది. 85కి ఆగితే పాస్, 150కి వెళ్తే ఫెయిల్ అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. రెండు చోట్లా పాసైనవాళ్లూ ఉన్నారు, ఫెయిలైనవాళ్లూ ఉన్నారు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు ఇక్కడ చెప్పను. బయటపెట్టబోమని ఒప్పుకునే రాస్తాం కదా. నేను చెప్పదలుచుకున్నది ఆ మొదటి ఫెయిల్ గురించి.

ఆరేళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. కాన్యులా పెట్టడం, డోస్ లెక్కలు, ఎమర్జెన్సీ ట్రాలీ అన్నీ చేతికి అలవాటైనవే. అలాంటి నాకు వచ్చిన పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఫార్మకాలజీ (మందులు) ‘అబవ్’, అంటే పాస్ స్థాయికి పైన; మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ (ఏది ముందు చేయాలి, ఏ పని ఎవరికివ్వాలి) ‘బిలో’, అంటే కింద; హెల్త్ ప్రమోషన్ (పేషెంట్‌కి ఆరోగ్యం గురించి నేర్పడం లాంటివి) కూడా ‘బిలో’. కోపం వచ్చింది. పేషెంట్‌ని ఎలా చూసుకోవాలో నాకు తెలియదంటారా అనుకున్నాను. రెండు వారాలు పుస్తకం ముట్టలేదు.

నా తప్పు తెలిసింది పుస్తకంలో కాదు, వార్డులో.

కొత్తగా షుగర్ బయటపడిన ఒక పెద్దమ్మని డిశ్చార్జ్ చేశాం. 30/70 ఇన్సులిన్, పొద్దున, రాత్రి. అన్నీ నేనే చెప్పాను. సీసా రెండు చేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గట్టిగా ఊపకూడదు, పొట్ట మీద ఎప్పుడూ ఒకే చోట వేసుకోకూడదు, వేసుకున్న అరగంటలో తినాలి. ‘అర్థమైందా పెద్దమ్మా?’ అన్నాను. ‘మంచిగ సమజైంది బిడ్డా’ అంది. ఫైల్లో ‘హెల్త్ ఎడ్యుకేషన్ గివెన్’ అని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు శనివారం. పదకొండు గంటలకి కొడుకు ఆమెను ఆటోలో తెచ్చాడు. చీర చెమటకి తడిసిపోయింది, పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. గ్లూకోమీటర్‌లో 38, షుగర్ బాగా పడిపోయింది. 25 శాతం డెక్స్‌ట్రోస్ ఎక్కాక కాసేపటికి కళ్లు తెరిచింది. పొద్దున ఏం తిన్నావని అడిగితే, ‘శనివారం ఒక్కపొద్దు ఉంట గద బిడ్డా. నువ్వు సూది మర్వొద్దన్నవు, ఏసుకున్న’ అంది.

నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్కా తప్పు కాదు. ఆమె సూది మానలేదు కూడా. కానీ వారానికోసారి ఒక్కపొద్దు ఉండే మనిషిని ‘ఉపవాసాలు ఉంటావా?’ అని అడగలేదు. ‘సూది వేసుకున్నాక ఏం చేస్తావో నాకు చెప్పు’ అనలేదు. అర్థమైందా అంటే ఎవరైనా అర్థమైందనే అంటారు. ముఖ్యంగా మన పెద్దవాళ్లు. సిస్టర్‌కి పని ఉంది, విసిగించకూడదు అనుకుంటారు.

ఆ రాత్రి డ్యూటీలో నా పాత ప్రాక్టీస్ టెస్టులు తెరిచి చూశాను. పేషెంట్ చెప్పిన ఏ మాటని బట్టి మళ్లీ నేర్పించాలని తెలుస్తుంది అనే రకం ప్రశ్నలున్నాయే, వాటిలో సగానికి పైగా తప్పు పెట్టాను. జవాబు తెలియక కాదు. పేషెంట్ మాటని విని తూచడం నాకు అలవాటు లేదు. పరీక్షలో వచ్చే కేస్ స్టడీలో ఆరు మెట్లుంటాయి కదా, పేషెంట్‌లో సూచనలు గుర్తించడం దగ్గర మొదలై ఫలితం అంచనా వేయడం దాకా. నేను ఐదో మెట్టు (చేయాల్సింది చేయడం) మీదే పని అయిపోయిందనుకునేదాన్ని. చేశాను, సంతకం పెట్టాను, అంతే. ఆరో మెట్టు నా వార్డు జీవితంలోనే లేదు.

అప్పటినుంచి డిశ్చార్జ్ పేషెంట్లందరినీ ఒకే మాట అడిగాను: ‘రేపు పొద్దున లేచినప్పటినుంచి ఏం చేస్తారో వరసగా చెప్పండి.’ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మీద ఉన్న ఒకాయన మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో బిళ్ల తెచ్చుకుంటానని మామూలుగా చెప్పేశాడు. అక్కడే ఆపి, అలాంటి బిళ్లలతో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుందని, డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దని చెప్పి, మళ్లీ ఆయన నోటితోనే చెప్పించాను. అలా విన్నవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. హెల్త్ ప్రమోషన్‌కి నా అసలు మెటీరియల్ అదే.

మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ సంగతి వేరు. మనకి ‘డాక్టర్‌కి ఇన్ఫామ్ చేయాలి’ అనేది రక్తంలో ఉంటుంది. నైట్‌లో ముప్పై మంచాలకి ఇద్దరం ఉంటాం, ఏం జరిగినా ముందు ఫోనే. అది మన తప్పు అనను, మనకి నేర్పింది అదే. కానీ బ్లడ్ ఎక్కుతుండగా పేషెంట్ చలి, నడుం నొప్పి అంటే ముందు బ్లడ్ ఆపాలి. ఫోన్ ఆ తర్వాత. కుట్లు విడిపోయి పేగులు బయటికొస్తే సెలైన్‌తో తడిపిన స్టెరైల్ గాజు గుడ్డ ముందు కప్పాలి. నేను చేయగలిగింది ఏమీ మిగలనప్పుడు, లేదా చూడాల్సినదంతా ప్రశ్నలోనే చూసేసి ఉన్నప్పుడు డాక్టర్‌కి చెప్పడమే జవాబు. డెలిగేషన్‌లో, అంటే పని వేరేవాళ్లకి అప్పగించడంలో, మనకి ఎల్‌పీఎన్ (అమెరికాలో ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, కింద పనిచేసే నర్సు) అనే మనిషే తెలియదు కాబట్టి ఇబ్బంది. నేను పట్టుకున్న గుర్తు ఇది: మొదటిసారి నేర్పడం ఆర్‌ఎన్ పని, నేర్పినదాన్ని మళ్లీ గుర్తుచేయడం ఎల్‌పీఎన్‌కి ఇవ్వొచ్చు. అంచనా వేయడం, నేర్పడం, నిర్ణయించడం మాత్రం ఎయిడ్‌కి (నర్సుకి సాయం చేసే మనిషికి) ఎప్పుడూ ఇవ్వకూడదు.

మిగతావన్నీ మీకు తెలిసినవే. రోజుకి 75 ప్రశ్నలు, రేషనేల్ (ఏ జవాబు ఎందుకు సరైనదో చెప్పే వివరణ) మొత్తం చదవడం, ల్యాబ్ వాల్యూస్ గోడకి అంటించడం. ఉద్యోగం మానేసి చదవమని చాలామంది చెప్పారు. నేను మానలేదు. ఇంట్లో నా జీతం కావాలి. అదీకాక, వార్డులో లేకపోతే ఆ పెద్దమ్మ నాకు కనిపించేదే కాదు. నైట్ చేసొచ్చి రెండు గంటలు చదివిన రోజులున్నాయి, పెళ్లిళ్లు మానుకున్న రోజులున్నాయి. టైమ్ లేదనే వాళ్లు ఒకసారి ఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి చూసుకోండి. నాది చూసుకున్న రోజే రీల్స్ యాప్ తీసేశాను.

ఫెయిలైనవాళ్లకి కనీసం 45 రోజుల గ్యాప్ ఉంటుంది. మళ్లీ 200 డాలర్లు, ఇండియాలో రాయడానికి పైన ఇంకో 150. ఆ డబ్బు కట్టేముందు రిపోర్ట్‌లో ‘బిలో’ వచ్చిన చోట ఒక్కొక్క దానికీ మీ వార్డులో జరిగిన ఒక సంఘటన రాయండి. నాకు రెండు పేజీలు నిండాయి.

పరీక్ష దగ్గరలో ఉన్నవాళ్లు ఏటీటీలో (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి పత్రంలో) పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందే కదా. నా సర్టిఫికెట్లలో పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు. అది సరిచేయించుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది.