పదికి ఎన్ని మార్కులు?

అమీర్‌పేటలో మెట్రో రెడ్ లైన్ దిగి రాయదుర్గం రైలు కోసం మెట్ల మీద పరిగెడుతుంటే సగంలో గుర్తొచ్చింది, అరె, పొద్దున్నుంచి నడుము సంగతే పట్టించుకోలేదు! అలా అనుకున్నానో లేదో లటుక్కున పట్టేసింది. నవ్వొచ్చింది.

నాలుగేళ్లుగా కళ్లు తెరవకముందే చేసే పని అదే, నొప్పి ఎంతుందో లోపల తడిమి చూసుకోవడం, పదికి ఆరా ఏడా అని మార్కులేసుకోవడం, దాన్ని బట్టి రోజంతా మొహం పెట్టుకోవడం. ఫిజియో మేడమ్ ఎప్పుడో చెప్పింది, "3 నెలలు దాటిన నొప్పంటే చాలాసార్లు నరాలకి అదో అలవాటండీ, దానికి కాపలా కాయకండి" అని. అప్పుడు ఒళ్లు మండింది. నొప్పి నాది కదా మరి.

రైల్లో సీటు దొరకలేదు. పక్కనాయన చేతిలో ఉస్మానియా బిస్కెట్ల డబ్బా, ఆ వాసనకి మాదాపూర్ దాకా నడుము ఊసే లేదు.

దిగాక నేనూ పావుకిలో కొన్నా.