తల్లీలె

సంచిక కోసం బడి జ్ఞాపకం ఒకటి రాయమన్నారు. నాకు ఏడో తరగతి తెలుగు పీరియడే గుర్తొస్తోంది. కానీ దాని సంగతి చెప్పాలంటే ముందు ట్యూబింగెన్ దాకా వెళ్లిరావాలి.

నాన్నకు అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేసే అవకాశం రావడంతో 1984లో ముగ్గురం జర్మనీ వెళ్లాం. అప్పుడు నాకు నాలుగేళ్లు. నెక్కార్ నది ఒడ్డున చిన్న ఊరు అది. యూనివర్సిటీ మాత్రం 1477 నాటిది. మా కింద వాటాలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడే నాకు ఓమా. అమ్మమ్మనైనా నానమ్మనైనా అక్కడి పిల్లలు ఓమా అనే పిలుస్తారు. నా సొంత అమ్మమ్మ, నానమ్మ గుంటూరు జిల్లాలో ఉండిపోయారు కాబట్టి ఆ రెండు చోట్లూ నాకు ఈవిడే నింపింది.

జర్మన్లు పిల్లల్ని ఎక్కువగా జంతువుల పేర్లతో ముద్దు చేస్తారు. కిండర్‌గార్టెన్‌లో మా టీచర్ నన్ను 'మోయ్స్‌షెన్' అనేది. అంటే బుల్లి ఎలుక. ఇంకో పిల్లాడు 'హాజె', కుందేలు. ఒక పాపనైతే 'ష్నెకె' అనేవాళ్లు. అంటే నత్త. అమ్మకు ఇది మొదట్లో అస్సలు నచ్చలేదు. "బంగారంలాంటి పిల్లను పట్టుకుని ఎలుక అంటారేమిటి?" అని నాన్నతో అనేది. బంగారం మాట వాళ్లకూ ఉంది, కాకపోతే ఇంకాస్త పెద్దది. 'షట్స్' అంటే నిధి. పిల్లల్నీ అంటారు, భార్యాభర్తలూ ఒకరినొకరు అనుకుంటారు.

ఓమా మాట్లాడేది ష్వేబిష్ యాస. ఆ యాసలో దేన్ని ముద్దు చేయాలన్నా చివర 'లె' చేరుస్తారు. షట్స్ కాస్తా షెట్స్‌లె అవుతుంది. ఇల్లు 'హౌస్' అయితే, ముచ్చటపడి కట్టుకున్న సొంతిల్లు 'హోయ్స్‌లె'. వెళ్లొస్తానని చెప్పే 'అడే' కూడా 'అడేలె' అయిపోతుంది. నన్ను ఓమా 'ష్పెట్స్‌లె' అని పిలిచేది. 'ష్పట్స్' అంటే పిచ్చుక, కాబట్టి నేను బుజ్జి పిచ్చుకను.

ష్పెట్స్‌లె అనేది వాళ్ల వంటకం పేరు కూడా. శనివారాలు ఓమా వంటింట్లో స్టూల్ మీద కూర్చుని అది చేయడం చూసేదాన్ని. మైదాలో గుడ్లు కొట్టి, ఉప్పు, నీళ్లు వేసి, గిన్నె అంచుకు సాగేలా బాగా గిలక్కొట్టేది. పిడి ఉన్న చెక్క పలకను తడిపి, దాని మీద కాస్త పిండి పరిచి, కత్తితో సన్నసన్నగా మరిగే నీళ్లలోకి గీకేది. కత్తి పలకకు తగిలే చప్పుడు తాళం వేసినట్టు ఒకే వరసలో వినిపించేది. తునకలు ముందు మునిగేవి, కాసేపటికి పైకి తేలేవి. తేలగానే చిల్లుల గరిటెతో తీసేసేది. "చూడు, పిచ్చుకలు పైకొచ్చాయి" అని నన్ను ఎత్తుకుని చూపించేది. పక్కన చిరుసెనగల్లాంటి గోధుమరంగు పప్పు, కాస్త వెనిగర్ పులుపుతో. అమ్మ ఒక ముద్ద తిని, "ఇది మన పుల్లపప్పే కదా" అంది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ బాగా కుదిరింది.

నాన్న నన్ను 'తల్లీ' అని పిలవడం ఓమా ఎన్నోసార్లు వింది. ఒకరోజు అర్థం అడిగింది. నాన్న చెప్పాడు. కూతుర్ని అమ్మా అని పిలవడమేమిటని ఆశ్చర్యపోయింది. నాకు మా నానమ్మ పేరే పెట్టారని, మా వైపు కొడుకునైతే నాన్నా అంటామని, కూతురు మా అమ్మే మళ్లీ వచ్చినట్టని నాన్న తనకొచ్చిన జర్మన్‌లో మెల్లగా వివరించాడు. ఓమా ఏమీ అనలేదు. చాలాసేపు నా తల నిమురుతూ కూర్చుంది. మర్నాడు పొద్దున నేను మెట్లు దిగుతుంటే కింద నుంచి పిలిచింది: "తల్లీలె!"

అప్పట్నుంచి నేను ఆవిడకు తల్లీలెనే. 1988లో మేం తిరిగొచ్చేసేటప్పుడు స్టేషన్‌లోనూ అదే మాట అంది.

ఇక మన బడి. ఏడో తరగతిలో తెలుగు మాస్టారు మహత్తు (మగవాళ్లు), మహతి (ఆడవాళ్లు), అమహత్తు (జంతువులు, వస్తువులు) చెబుతున్నారు. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, ఆవు వచ్చింది. మా బెంచీలోని అమ్మాయి లేచి, "మేమూ ఆవూ ఒకటేనా సార్?" అని అడిగేసింది. ఆయన కోప్పడలేదు. "బహువచనంలో చూడు. ఆవులు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు. అక్కడ మీరు మగవాళ్లతో సమానం" అన్నారు. దానికి ఆ జవాబు చాల్లేదు. నాకూ చాల్లేదు.

నేను లేచి, జర్మన్‌లోనూ అమ్మాయి నపుంసకలింగమే సార్ అన్నాను. మాస్టారు సుద్దముక్క నా చేతికిచ్చారు. బోర్డు మీద తెలుగులోనే రాశాను. ష్పట్స్ పుంలింగం, ష్పెట్స్‌లె నపుంసకం. మౌస్ స్త్రీలింగం, మోయ్స్‌షెన్ నపుంసకం. చివర షెన్ గానీ లె గానీ చేరితే ఏ మాటైనా నపుంసకమే. అమ్మాయి అనే మాట 'మేట్‌షెన్' కూడా అలా తయారైందే కాబట్టి దానికీ అదే లింగం. ముద్దు చేస్తే మాట లింగమే మారిపోతుందని చెప్పాను. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడి విన్నారు. "మనం బుజ్జి, చిట్టి ముందు తగిలిస్తాం. వాళ్లు వెనక తగిలిస్తారన్నమాట" అని తన నోట్‌బుక్కులో రాసుకున్నారు. పిల్లల దగ్గర నేర్చుకున్నది పిల్లల ముందే రాసుకునే మాస్టారిని ఆ తర్వాత నా చదువులో మళ్లీ చూడలేదు.

ఆ ఏడాది క్రిస్మస్‌కు ఓమా ఉత్తరం వచ్చింది. బడికి తీసుకెళ్లి మాస్టారికి చూపించాను. వంకర్లు తిరిగిన పాతకాలపు చేతిరాత. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదటి వరస మీద వేలు పెట్టి కూడబలుక్కున్నారు. "మైన్... లీబెస్..." అంటే 'నా ప్రియమైన' అని చెప్పాను. లీబెస్ చివరి 'ఎస్' నపుంసకానికి గుర్తని కూడా చెప్పాను. తర్వాతి మాట దగ్గర వేలు ఆగిపోయింది. అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివారు. మళ్లీ చదివారు.

"ఇది మన మాటే కదమ్మా" అన్నారు.