అక్క తప్పేమీ లేదు

ఆమదాలవలసలో ఉండే మా అక్కకు కుడి తుంటి కీలు మార్చి పన్నెండేళ్లు దాటింది. ఈమధ్య కుర్చీలోంచి లేచి వేసే మొదటి నాలుగడుగులకు తొడలో పోటు వస్తోంది. ఎక్స్‌రేలో, తొడ ఎముకలోకి దింపిన లోహపు కాడ చుట్టూ సన్నని నల్లటి గీత కనిపించింది. ఎముక కాడను వదిలేస్తోందన్నమాట. చూడవచ్చిన చుట్టాలంతా ‘బిందెలు మోశావు, కింద కూర్చున్నావు’ అని ఆమెనే తప్పుపట్టారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

నేను నెల్లిమర్లలో జూట్ మిల్లు ఫిట్టరుగా పనిచేశాను. బేరింగు అరిగితే రజను రాలుతుంది. గుడ్డతో తుడిచి కొత్తది బిగించేవాళ్లం. ఒంట్లో ఆ రజను తుడిచే దిక్కు లేదు. అక్క కీలులో కోబాల్ట్ క్రోమియం గుండు పాలిథిలీన్ గిన్నెలో తిరుగుతుంది. అడుగడుగుకీ ప్లాస్టిక్ రేణువులు రాలతాయి, చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. రక్షక కణాలు వాటిని మింగుతాయి, అరిగించుకోలేవు. ఆ రక్షక కణాలు వదిలే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. అలా కీలుకు ఆధారమైన ఎముకే తరిగిపోతుంది. ఒకప్పుడు దీన్ని, కీలును ఎముకకు పట్టి ఉంచే సిమెంటు వల్ల వచ్చే జబ్బనుకున్నారు. సిమెంటు లేని కీళ్లూ వదులయ్యాక ఆ మాట నిలవలేదు.

నడక పెరిగితే అరుగుదల పెరిగే మాట నిజమే. కానీ నడవకుండా ఉండడానికి ఎవరైనా కీలు మార్చుకుంటారా?

అసలు కథంతా పదార్థానిదే. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఎముకల సర్జన్ మొదట పెట్టిన టెఫ్లాన్ గిన్నెలు కొద్ది ఏళ్లకే అరిగిపోతే, 1962లో పాలిథిలీన్‌కు మారాడు. 1990ల చివర్లో రేడియేషన్‌తో గట్టిపరచిన పాలిథిలీన్ వచ్చి అరుగుదల బాగా తగ్గింది. లోహం మీద లోహం తిరిగే కీళ్లు రక్తంలోకి కోబాల్ట్, క్రోమియం వదిలాయి. డిప్యూ కంపెనీ ఈ రకానికే చెందిన తన ఏఎస్ఆర్ కీళ్లను 2010లో వెనక్కి తీసుకుంది. సిరామిక్ అతి తక్కువగా అరుగుతుంది, కానీ అరుదుగా పగులుతుంది కూడా.

కాడ సంగతి మరీ విచిత్రం. కాడకు వాడే టైటానియం కూడా ఎముక కన్నా అయిదారు రెట్లు బిరుసు. బరువు లోహమే మోస్తే, పనిలేని ఎముక పలచబడుతుంది. చుట్టాల మాటకు ఇది పూర్తిగా ఎదురు!

కీలు వదులైందంటే ముందు ఇన్ఫెక్షన్ లేదని రక్తపరీక్షలతో, అవసరమైతే కీలులోని ద్రవం పరీక్షతో తేల్చుకోవాలి. ఎముక కరిగేటప్పుడు చాలాకాలం నొప్పి ఉండదు కాబట్టి, బాగున్నా వైద్యులు చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించుకోండి. ఆపరేషన్ కాగితాల మీద అంటించిన ఇంప్లాంటు స్టిక్కర్లు పారేయకండి. మళ్లీ మార్చాల్సి వస్తే ఏ రకం, ఏ సైజు అన్నది వాటిలోనే ఉంటుంది. అక్కవి ట్రంకు పెట్టెలో దొరికాయి.