మన తరువాత ఈ కోడ్ ఎవరి చేతికి?

జర్మనీలోని స్టుట్‌గార్ట్ దగ్గర యంత్రాల విడిభాగాలు తయారుచేసే సంస్థలో చేరిన ఏడాదే, గిడ్డంగిలో సరుకు లెక్క చూసే పాత ప్రోగ్రామును వెబ్ అప్లికేషన్‌గా తిరగరాసే పని మా బృందానికి వచ్చింది. రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ అనే మూడింటిలో ఏ ఫ్రేమ్‌వర్క్ (అప్లికేషన్ కట్టుకోవడానికి సిద్ధంగా దొరికే కోడ్ చట్రం) వాడాలో తేల్చడానికి మూడు వారాల గడువు ఇచ్చారు. హైదరాబాదులో ఇలాంటి నిర్ణయం ఒక్క మీటింగులో ముగిసిపోవడం చూసినవాణ్ణి కాబట్టి, అంత గడువు దేనికో నాకు మొదట అర్థం కాలేదు.

నా మనసు రియాక్ట్ మీదే ఉంది. 2013లో ఫేస్‌బుక్ దాని కోడ్‌ను అందరికీ తెరిచి ఓపెన్ సోర్స్ చేసిన కొన్నేళ్లకే నేను దానిలోకి వచ్చాను, చేయి తిరిగినదీ అందులోనే. రేపు వీసా సంగతి ఎటుపోయినా ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కరకొచ్చేదీ అదే. యాంగ్యులర్ పేరెత్తితే మాత్రం పాత గాయం గుర్తొస్తుంది. హైదరాబాదులో ఒక క్లయింటు కోసం మేము యాంగ్యులర్ మొదటి రూపమైన యాంగ్యులర్‌జేఎస్‌లో కట్టిన అప్లికేషన్, 2016 సెప్టెంబరులో యాంగ్యులర్ 2 పూర్తిగా వేరే రూపంలో రావడంతో పాతబడిపోయింది. పాతదానికి గూగుల్ మద్దతు 2021 డిసెంబరు 31తో ముగుస్తుందని తెలిశాక, దాని స్క్రీన్లన్నీ మళ్లీ రాస్తూ రాత్రిళ్లు మేలుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. వ్యూ నేర్చుకోవడానికి మూడింటిలోకీ తేలిక. అయితే 2020 సెప్టెంబరులో వ్యూ 3 వచ్చాక, వ్యూ మీద ఆధారపడిన లైబ్రరీలు (సిద్ధంగా దొరికే కోడ్ ముక్కలు) కొన్ని చాలాకాలం వ్యూ 2 దగ్గరే ఆగిపోయాయి.

వాదనలతో తేలదని ఒకే స్క్రీన్‌ను మూడింటిలోనూ రాశాం. బార్‌కోడ్ చదవగానే సరుకు పేరు, అది ఉన్న ర్యాకు, ఎన్ని ఉన్నాయో చూపించాలి. సంఖ్య మారిస్తే సేవ్ కావాలి. మా ల్యాప్‌టాపుల్లో మూడూ ఒకేలా పరిగెత్తాయి. గిడ్డంగిలోకి తీసుకెళ్లాకే అసలు సంగతి బయటపడింది. అక్కడ వాడేది తెర నిండా గీతలు పడ్డ పాత ఆండ్రాయిడ్ స్కానర్. ఇనుప ర్యాకుల మధ్య వైఫై నిలవదు. చేతికి మందపాటి గ్లవ్ వేసుకున్న మనిషి ప్లస్ గుర్తును నొక్కబోతే పక్కనున్న మైనస్ పడుతోంది. మొదటిసారి తెరిచినప్పుడు యాంగ్యులర్ కొంత ఎక్కువ సేపు తీసుకుంది. ఫైళ్లు ఒకసారి స్కానర్‌లో చేరాక ఆ తేడా కనిపించలేదు. నిజంగా ఆలస్యం చేస్తున్నది మా సర్వరే: ఒక్క వస్తువు అడిగితే ర్యాకు మొత్తం జాబితా పంపుతోంది. ‘వారెన్‌ఐన్‌గాంగ్స్‌కంట్రోలె’ (వచ్చిన సరుకు తనిఖీ) లాంటి పొడవాటి జర్మన్ మాట బటన్ దాటి బయటకు పోవడం కూడా మూడింటిలోనూ సమానమే. ఈ లోపాల్లో ఏ ఒక్కటీ ఫ్రేమ్‌వర్క్ మారిస్తే తీరేది కాదు.

ఆ సాయంత్రం, పదవీ విరమణకు దగ్గరపడిన, జావా భాషలో కోడ్ రాసే సహోద్యోగి ఒకాయన నన్ను అడిగారు: “నువ్వు వెళ్లిపోయాక దీన్ని తెరిచి బాగుచేసేది ఎవరు?” పరాయి దేశంలో గడువున్న పర్మిట్ మీద బతికేవాడికి ఆ మాట ముందు గుచ్చుకుంటుంది. ఆయన ఉద్దేశం అది కాదని, మా బృందంలో స్థిరంగా ఉండబోయేవాళ్లంతా జావా మనుషులేనని, రాత్రి ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక అర్థమైంది. రియాక్ట్ తీసుకుంటే రౌటింగ్‌కు (ఒక స్క్రీన్ నుంచి ఇంకోదానికి వెళ్లడానికి) ఒక లైబ్రరీ, ఫారాలకు ఒకటి, డేటా తెచ్చుకోవడానికి ఇంకొకటి మేమే ఏరుకోవాలి. ఎందుకు ఏరుకున్నామో మా తలల్లోనే ఉండిపోతుంది. యాంగ్యులర్‌లో అవన్నీ ఒకే చోట వస్తాయి. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌తో ఏళ్లుగా పనిచేసినవాళ్లకు యాంగ్యులర్‌లోని టైప్‌స్క్రిప్ట్ (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) క్లాసులు, డిపెండెన్సీ ఇంజెక్షన్ (ఒక భాగానికి కావలసినవాటిని ఫ్రేమ్‌వర్కే అందించే పద్ధతి) కొత్తగా అనిపించవు. పైగా 2016 నాటి తెగతెంపులు మళ్లీ జరగలేదు: ఆరు నెలలకొక పెద్ద వెర్షన్, ఒక్కోదానికి 18 నెలల మద్దతు, కోడ్‌ను చాలావరకు తానే సరిచేసే అప్‌డేట్ ఆదేశం.

నాకు ఇష్టమైనదాన్ని పక్కన పెట్టి యాంగ్యులర్‌నే సిఫారసు చేశాను. మిగతా రెండూ ఎందుకు వద్దనుకున్నామో రెండు పేజీల్లో రాసి కోడ్ పక్కనే పెట్టాను. నవంబరులో వచ్చిన యాంగ్యులర్ వెర్షన్‌కు అప్లికేషన్‌ను మార్చింది ఆ జావా సహోద్యోగే. నేనప్పుడు సంక్రాంతి సెలవులో తెనాలిలో ఉన్నాను. ఆయన నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు.