తీర్చబడుట: ఎర్‌ఫుర్ట్ నుంచి ఆగ్స్‌బర్గ్ దాకా

కాథలిక్ సంఘంతో తగువుపడి ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన పదహారో శతాబ్దపు జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ ఊళ్ళు చూడబోయేవాళ్ళు చాలామంది బెర్లిన్‌లో దిగి నేరుగా విటెన్‌బర్గ్‌కే వెళ్తారు. వేగం రైలుకు ముప్పావుగంట దారి కాబట్టి. నేను మాత్రం ఎర్‌ఫుర్ట్‌తో మొదలుపెట్టాను. జవాబు దొరికిన ఊరికన్నా ముందు ప్రశ్న పుట్టిన ఊరు చూడాలి గదా. పాపి అయిన మనిషి దేవుని ఎదుట ఎలా నీతిమంతుడవుతాడన్నదే ఆ ప్రశ్న. ఎర్‌ఫుర్ట్, విటెన్‌బర్గ్, ఆగ్స్‌బర్గ్ వరసలో వెళ్తే ప్రశ్న, తగువు, రాజీ ఒకదాని వెంట ఒకటి కళ్ళబడతాయి. ఊరికో పూర్తి రోజు, ప్రయాణాలకు రెండు రోజులు, మొత్తం ఐదు రోజులు చాలు. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ప్రాంతీయ రైళ్ళకే చెల్లుతుంది, ఐసీఈ అనే వేగం రైళ్ళలో చెల్లదు. పైగా అది చందా; మనం రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసుకుంటారు.

సంచిలో తెలుగు బైబిలు ఉండాలి. పౌలు రాసిన రోమా పత్రిక 3, 4 అధ్యాయాలు, యాకోబు పత్రిక 2వ అధ్యాయం బయల్దేరకముందే చదివి ఉండాలి. ముఖ్యంగా ఒక్క క్రియాపదాన్ని పట్టుకోవాలి: ‘తీర్చు’. నీతిమంతులుగా తీర్చబడుట అంటాం. తీర్పు తీర్చడంలో ఉన్నది ఆ మాటే, తీర్చిదిద్దడంలో ఉన్నదీ ఆ మాటే. న్యాయాధిపతి ముద్దాయిని నిర్దోషి అని ప్రకటించడమా, లేక వంకర ఉన్నవాణ్ణి లోపల్నుంచి సరిచేయడమా? పదహారో శతాబ్దపు తగువంతా ఈ రెండర్థాల మధ్యే నడిచింది. పౌలు వాడిన గ్రీకు మాటకు న్యాయస్థానపు వాసన ఉంది. లాటిన్ బైబిల్లోని మాటను విడదీస్తే ‘నీతిమంతుడిగా చేయు’ అనే అర్థం వస్తుంది. మన తెలుగు మాట రెంటినీ మోస్తోంది. అందుకే ఈ యాత్రకు తెలుగువాడు కాస్త మెరుగైన సామానుతో వెళ్తున్నట్టే.

ఎర్‌ఫుర్ట్‌లో చూడాల్సింది అగస్టీనియన్ మఠం. 1505 జులై 17న లూథర్ దీని తలుపు తట్టాడు. చర్చిలో బలిపీఠం ముందు నేలలో యోహానెస్ జకారియే సమాధి రాయి ఉంటుంది. మఠ ప్రమాణాలు చేసేటప్పుడు లూథర్ దానిమీదే బోర్లా పడుకున్నాడని చెబుతారు. జకారియే, కాన్స్టెన్స్ సంఘ సభలో, లూథర్‌కు నూరేళ్ళ ముందే సంఘాన్ని విమర్శించిన యాన్ హుస్‌కు ఎదురు వాదించినవాడు. పైకి చూస్తూ నడిచేవాళ్ళు ఆ రాయిని తొక్కుకుంటూ పోతారు, జాగ్రత్త. ఇక్కడ ఉపవాసాలు, జాగరణలు, గంటలకొద్దీ పాపపు ఒప్పుకోళ్ళు చేసినా లూథర్‌కు నిమ్మళం రాలేదు. కృపగల దేవుడు నాకెలా దొరుకుతాడన్నదే అతని దిగులు. 2011 సెప్టెంబరు 23న పోప్ 16వ బెనెడిక్ట్ ఇదే మఠంలో ప్రొటెస్టెంట్ పెద్దల ముందు నిలబడి ఆ ప్రశ్ననే ఎత్తి మాట్లాడాడు. మఠంలో బస గదులున్నాయి; ముందుగా రాయించుకుంటే దొరుకుతాయి.

విటెన్‌బర్గ్ స్టేషన్ ఊరికి తూర్పు చివర, కోట చర్చి పడమటి చివర. నడిచే వీధి దాదాపు ఒక్కటే. దారిలో లూథర్ ఇల్లు, అతని సహచరుడు మెలాంక్తన్ ఇల్లు, సంత కూడలి, ఊరి చర్చి తగులుతాయి. 1517లో లూథర్ తన 95 వాదాలు అంటించాడని చెప్పే కోట చర్చి తలుపు దగ్గరే అందరూ మొదట ఫొటో దిగుతారు; ఇప్పుడున్నది 1858 నాటి కంచు తలుపు. పాత చెక్క తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఆ కంచు మీదున్న 95 వాదాల్లో విశ్వాసం ద్వారా నీతి అనే సిద్ధాంతం కోసం వెతికితే నిరాశే. అవి పాపాలకు పడే శిక్ష తగ్గుతుందంటూ సంఘం డబ్బుకిచ్చే పాపపరిహార పత్రాల గురించీ పశ్చాత్తాపం గురించీ రాసినవి. సిద్ధాంతం స్పష్టమైన రూపం తొడుక్కున్నది ఆ తర్వాత. 1545లో, చనిపోవడానికి ఏడాది ముందు, లూథర్ తానే చెప్పుకున్నాడు: రోమా 1:17లోని ‘దేవుని నీతి’ అన్న మాటంటే తనకు ఒకప్పుడు ద్వేషమని, అది దేవుడు శిక్షించే నీతి కాదు, మనకు ఇచ్చే నీతి అని తెలిశాక పరలోకపు తలుపులు తెరుచుకున్నట్టయిందని.

1522 నాటి జర్మన్ కొత్త నిబంధనలో రోమా 3:28లో ‘విశ్వాసం వల్ల’ అన్నచోట లూథర్ ‘మాత్రమే’ అనే మాట కలిపాడు. గ్రీకులో అది లేదు. ప్రత్యర్థులు గోల చేస్తే, జర్మన్‌లో ఆ అర్థం అలాగే పలుకుతుందని 1530లో జవాబు రాశాడు. తెలుగు బైబిలు తెరిచి అదే వచనం చూడండి: ‘విశ్వాసమువలననే’. ఆ చివరి ఏకారం ఉంది చూశారా, లూథర్ మాట చేసిన పని అదే చేస్తోంది.

ఎక్కువసేపు ఉండాల్సింది కోట చర్చిలో కాదు, ఊరి చర్చిలో. 1547 నాటి, చిత్రకారుడు క్రానాక్ గీసిన బలిపీఠ చిత్రాల అడుగు పలకను చూడాలి. కుడివైపు వేదిక మీద లూథర్, ఎడమవైపు జనం, నడుమ సిలువ మీద క్రీస్తు. లూథర్ ఒక చెయ్యి బైబిలు మీద, రెండో చెయ్యి క్రీస్తు వైపు. వెనక అంతా ఖాళీ గోడ. మనిషి నీతి మనిషిలో లేదు, బయట ఉంది అన్న సిద్ధాంతాన్ని ఇంత పొదుపుగా ఇంకెవరూ గీయలేదనిపిస్తుంది నాకు. పైన కుడి పలకలో ఆ చర్చి పాదిరి బుగెన్‌హాగెన్ రెండు తాళపుచెవులు పట్టుకుని ఉంటాడు: మోకరిల్లినవాడికి క్షమాపణ, చేతులు కట్టేసి ఉన్న గర్విష్ఠికి తిరస్కారం. బయటికొచ్చాక ఆగ్నేయ మూల పైకి కూడా చూడాలి. యూదుల్ని హేళన చేసే మధ్యయుగపు శిల్పం అక్కడే ఉంది, దాని కింద నేలమీద 1988 నాటి స్మారక ఫలకం. లూథర్ ముసలితనంలో యూదుల మీద రాసిన విషాన్ని వదిలేసి ఈ యాత్ర చేయడం సగం యాత్రే.

ఆగ్స్‌బర్గ్‌కు నూరెంబర్గ్ మీదుగా దిగాలి. ఆగస్టు 8 ఆ ఊరికి మాత్రమే ఉన్న సెలవు, శాంతి పండుగ. ఆరోజు దుకాణాలు తెరవరు. సెయింట్ అన్నా చర్చి చూడండి. 1518లో పోప్ దూత కార్డినల్ కయెతాన్ ముందు హాజరైనప్పుడు లూథర్ దీని పక్క కార్మెలైట్ మఠంలోనే దిగాడు. ఇప్పుడది లూథరన్ చర్చి. కానీ దాని పడమటి చివర ఆ ఊరి పెద్ద బ్యాంకరు యాకోబ్ ఫుగ్గర్ సమాధి మందిరం ఉంది. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్‌కు అప్పిచ్చినది ఈ ఫుగ్గర్ల కొట్టే. పరిహార పత్రాల అమ్మకంలో సగం ఆ అప్పు తీర్చడానికే పోయింది, మిగతా సగం రోములో సెయింట్ పీటర్స్ కట్టడానికి. ‘తీర్చు’ మూడో అర్థం ఇక్కడ ఎదురవుతుంది.

ఈ చర్చిలోనే 1999 అక్టోబరు 31న కాథలిక్ సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా నీతిమంతులుగా తీర్చబడుటపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 44 పేరాలు. 15వది గుండెకాయ: మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లనే, క్రీస్తు రక్షణ కార్యంలో విశ్వాసం ద్వారా దేవుడు మనల్ని అంగీకరిస్తాడు; పరిశుద్ధాత్మ హృదయాన్ని కొత్తదిగా చేసి సత్క్రియలకు సిద్ధం చేస్తాడు. ప్రకటించడం, మార్చడం రెండూ ఒకే వాక్యంలో ఇమిడాయి. అయితే తేడాలన్నీ పోయాయని ఎవరూ అనలేదు: క్షమించబడ్డవాడు ఇంకా పాపే అన్న లూథరన్ మాట మీద ఇప్పటికీ రెండు పక్షాలు రెండు రకాలుగా మాట్లాడతాయి. ఇతర ప్రొటెస్టెంట్ సంఘాల్లో మెథడిస్టులు 2006లో సోల్‌లో, రిఫార్మ్‌డ్ సంఘాలు 2017లో విటెన్‌బర్గ్ ఊరి చర్చిలోనే దీనికి జతపడ్డాయి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చాక ఎదిగిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్య సంఘం. కాబట్టి సమాఖ్య చేసిన ఆ సంతకంలో గుంటూరుకూ వాటా ఉంది.

చివరి పూట ఫుగ్గెరైకి ఉంచుకోండి. 1521లో యాకోబ్ ఫుగ్గర్ పేద కాథలిక్కులకు రాసిచ్చిన పేట, 67 ఇళ్ళు. ఏడాది అద్దె ఇప్పటికీ 88 సెంట్లు, దాంతోపాటు దాత కుటుంబం కోసం రోజూ మూడు ప్రార్థనలు: పరలోక ప్రార్థన, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం. లోపల బెంచీ మీద కూర్చుని రోమా 4:4 తీస్తే, పనిచేసేవాడికి జీతం ఋణమే గాని దానం కాదని ఉంటుంది. ఎదురుగా తలుపుల పక్కన గంట లాగే ఇనుప పిడులు, ఒక్కో ఇంటికి ఒక్కో ఆకారంలో. చీకట్లో తడిమి తమ ఇల్లు గుర్తుపట్టడానికట. రాత్రి పదికి గేటు మూస్తారు.