84 ఏళ్ల రక్తనాళం

నేను క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. పక్షవాతంతో వచ్చినవారి మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను డాక్టరుగారు తీస్తుంటే పక్కన నిలబడి వైర్లు, నాళంలోకి ఎక్కించే సన్నని గొట్టాలైన క్యాథెటర్లు అందించడం నా పని. బయట సంతకం పెట్టాల్సిన బంధువుల నోట తరచూ వినే మాట ఒకటుంది: "ఈ వయసులో ఇదంతా ఎందుకండీ?"

అందులో ప్రేమ ఉంటుంది, ఖర్చు భయమూ ఉంటుంది. గడ్డను పట్టి లాగే స్టెంట్ రిట్రీవర్ చౌకైన వస్తువు కాదు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. మనిషిని చూడకుండా వయసు మాత్రం విని, ఫోనులోనే తీర్పు చెప్పేసే దూరపు చుట్టాలంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్నామధ్య గుడివాడ వైపు నుంచి 84 ఏళ్ల పెద్దావిడను తెచ్చారు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట లేదు. ఎప్పటినుంచి ఇలా అంటే కొడుకు "పొద్దున్నుంచి" అన్నాడు. ఆ జవాబుతో మాకు పని జరగదు. ఆఖరుసారి ఆవిడ బాగుండగా ఎవరు, ఎప్పుడు చూశారన్నది కావాలి. కోడలు కాస్త ఆలోచించి చెప్పింది: "అయిదింటికి లేచి ఆవిడే పాలు కాచారండి. నాకు కాఫీ కలిపి ఇచ్చారు." దాంతో లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది. ఆవిడ అంతవరకూ ఎలా బతుకుతున్నారో కూడా తెలిసింది.

గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు ఉంటుంది. కానీ గుండె లయ తప్పుతున్నందుకు ఆవిడ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు. కోడలు మాత్రల అట్ట కూడా వెంట తెచ్చింది కాబట్టి ఆ సంగతి వెంటనే బయటపడింది. (మాత్ర వేసుకుంటున్నా గడ్డ ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.) ఆ మాత్ర మీద ఇంజెక్షన్ కూడా ఇస్తే రక్తస్రావం ముప్పు కాబట్టి, ఇంజెక్షన్ పక్కకు పోయింది. స్కాన్‌లో రక్తస్రావం లేదు, ఎడమవైపు పెద్ద నాళం మూసుకుపోయింది. ల్యాబ్‌లోకి తీసుకొచ్చేశాం.

పెద్దవారిలో అసలు తంటా దారిలోనే. గజ్జ దగ్గర నాళంలోంచి ఎక్కించిన క్యాథెటర్ బృహద్ధమని వంపు దాటి మెడలోకి వెళ్లాలి. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో ఆ ధమని సాగి, వంపు కిందికి జారి ఉంటుంది. మెడలో నాళం జిలేబీలా చుట్టుకుని ఉంటుంది. పైకి తోసిన క్యాథెటర్ జారి మళ్లీ వంపులోకే వచ్చి పడుతుంది. డాక్టరుగారు మాట్లాడకుండా చెయ్యి చాపితే, సిమ్మన్స్ అనే వంకర మొన క్యాథెటర్ అందించాను. దానితోనూ కుదరకపోతే మణికట్టు నుంచి ప్రయత్నించేవారు. కుదిరింది. పైకి చేరాక గడ్డను పంపుతో పీల్చి లాగడానికి పట్టిన సమయం, అక్కడిదాకా ఎక్కడానికి పట్టినదానిలో ఎన్నో వంతో!

వయసు గురించి వాదించేవారికి చూపించడానికి నా దగ్గర అంకెలు కూడా ఉన్నాయి. గడ్డ తీసే ఈ చికిత్స మీద 2015లో వెలువడిన అయిదు క్లినికల్ ట్రయల్స్‌లోని 1287 మంది వివరాలను కలిపి, మరుసటి ఏడాది లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. 80 ఏళ్లు, ఆపైన ఉన్నవారిలో మూడు నెలల్లోపు చనిపోయినవారు మందులతో సరిపెట్టినప్పుడు 45 శాతం, గడ్డ తీసినప్పుడు 28 శాతం. తమ పనులు తాము చేసుకోగలిగే స్థితికి వచ్చినవారు మందులతో సుమారు 14 శాతం, గడ్డ తీస్తే 30 శాతం. అంటే గడ్డ తీసినా ఎక్కువమంది పూర్తిగా కోలుకోరు. ఇది చెప్పకుండా సంతకం తీసుకోవడం నాకు నచ్చదు. మా డాక్టరుగారు చెప్పే తీసుకుంటారు.

పెద్దావిడకు ఆ రాత్రే కాలు కదిలింది. చెయ్యి ఆలస్యమైంది, మాట ఇంకా తడబడుతోంది. ఫిజియోథెరపీకి వచ్చినప్పుడల్లా కోడలి మీద విసుక్కుంటున్నారట.

ఆ తర్వాత వచ్చినాయన వయసు 76. అడ్డుపడింది అదే నాళం, సమయమూ మించిపోలేదు. కానీ మతిమరుపు ముదిరి రెండేళ్లుగా మంచం మీదే ఉన్నారు, అన్నం ఇంకొకరు తినిపించాలి. స్కాన్‌లో అప్పటికే మెదడు చాలా మేర దెబ్బతిని కనిపించింది. డాక్టరుగారు కొడుకును కూర్చోబెట్టి, ఈయన ఇంతకుముందున్న స్థితికన్నా మెరుగవుతారని చెప్పలేనని వివరించారు. ఎంత ఖర్చయినా ఫరవాలేదు, సంతకం పెడతానని కొడుకు పట్టుబట్టాడు. డాక్టరుగారు కాగితం ఇవ్వలేదు, వార్డులో మంచం సిద్ధం చేయించారు.