తెర మీద 4కె అంకె, కంటికి మసక బొమ్మ: స్ట్రీమింగ్ బాక్స్‌తో నా అనుభవం

మా టీవీ తెర నిక్షేపంగా ఉంది. లోపలున్న యాప్‌లకే కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. ఒక్కో యాప్ 'ఈ టీవీలో ఇక పనిచేయదు' అని చెప్పి మూతపడుతుంటే, కొత్త టీవీ కొందామన్నారు ఇంట్లో. నేను ఒప్పుకోలేదు. హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుకు అరచేతిలో పట్టేంత పరికరం తగిలిస్తే తీరే పనికి అంత పెద్ద వస్తువును బయట పడేయడం నాకు ఇష్టం లేదు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అంటాను. తర్వాత జరిగిందంతా దాన్ని మార్చలేదు.

తక్కువ ధరలో దొరికేవి మూడు రకాలు. ఒకటి, ఫోన్‌లోంచి టీవీకి వీడియో పంపించే రకం. 2013లో గూగుల్ తెచ్చిన మొదటి క్రోమ్‌కాస్ట్ ఇలాంటిదే. దానికి రిమోట్ ఉండదు, ఫోనే రిమోట్. నా స్నేహితురాలు తన పాతది ఇస్తానంది కానీ, అమ్మ టీవీ చూడాలన్న ప్రతిసారీ ఎవరో ఒకరి ఫోన్ ఇంట్లో ఉండాలి, అది కుదరదు. పైగా 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, లోపలి డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో, ఒక్కసారిగా మొరాయించాయి. గూగుల్ తర్వాత సరిచేసిందనుకోండి. అయినా పాత పరికరం ఉచితంగా వస్తోందని సంబరపడే ముందు ఇది తెలిసి ఉండాలి. రెండో రకం, రిమోట్‌తో వచ్చే స్టిక్‌లు, చిన్న బాక్సులు: అమెజాన్ ఫైర్ టీవీ, రోకు, గూగుల్ టీవీ ఉన్నవి. మూడో రకం, పేరు ఎప్పుడూ వినని కంపెనీల ఆండ్రాయిడ్ బాక్స్.

నేను రెండో రకం చూస్తుండగానే తమ్ముడు మూడో రకం ఆర్డర్ పెట్టేశాడు. "అక్కా, స్టిక్‌లో 8 జీబీ స్టోరేజీ, ఇందులో 64. అదీ 4కె, హెచ్‌డీఆర్ రాసుంది, ధర కూడా తక్కువే" అన్నాడు. 4కె అంటే చాలా సూక్ష్మమైన వివరాలతో వచ్చే బొమ్మ, హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపే పద్ధతి. పెట్టె మీద రాసినవన్నీ నిజమైతే వాడి మాటలో తప్పు లేదు.

బిగించడం, వైఫై కలపడం, యాప్‌లలో లాగిన్ అవడం, ఇవేవీ కష్టం కాలేదు.

మొదటి నుంచీ నాకు నచ్చనిది ఒకటుంది. ఆ బాక్స్ తెరిస్తే వచ్చేది టీవీ కోసం చేసిన మెనూ కాదు, పెద్దది చేసిన ఫోన్ తెర. నెట్‌ఫ్లిక్స్ యాప్ కూడా ఫోన్‌లో ఉండేదే. కొన్నిచోట్ల రిమోట్ బాణాలు పనిచేయవు, రిమోట్‌నే మౌస్‌లా మార్చి బాణం గుర్తును తెర మీద జరుపుకుంటూ నొక్కాలి. అమ్మకు ఇది అయ్యే పని కాదు. అయినా ఓర్చుకుందామనుకున్నాం.

ఓర్చుకోలేనిది బొమ్మ. యూట్యూబ్ పెడితే అద్దంలా ఉంటుంది. డబ్బు కట్టి చూసే యాప్ ఏది తెరిచినా ముఖాలు మెత్తగా, మసకగా ఉంటాయి, కింద సబ్‌టైటిల్స్ మాత్రం పదునుగా కనిపిస్తాయి. ఒకే బాక్స్, ఒకే వైఫై, ఒకే టీవీ. యూట్యూబ్‌కు లేని రోగం మిగతావాటికి ఎలా వచ్చింది? ఇదే ప్రశ్న పట్టుకుని అమ్మినవాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. అక్కడ మొదలైంది నా బాధ.

మొదట "మీ నెట్ స్లో మేడమ్" అన్నారు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెప్పే లెక్క ప్రకారం 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వీడియోకు సెకనుకు 5 మెగాబిట్లు, 4కెకు 15 మెగాబిట్లు ఉంటే చాలు. బాక్స్‌లోనే స్పీడ్ టెస్ట్ పెట్టి, అంతకంటే చాలా ఎక్కువే వస్తోందని ఫొటో పంపాను. అప్పుడు "కేబుల్ పాడై ఉంటుంది" అన్నారు. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌లో వెళ్లేది డిజిటల్ సంకేతం. కేబుల్ చెడితే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా తెర నల్లగా అయిపోతుంది. అంతేగానీ ముఖాలు మసకబారి సబ్‌టైటిల్స్ పదునుగా ఉండవు. ఈ మాట చెప్తే అవతల మనిషి వినలేదు, కేబుల్ మార్చి మళ్లీ చేయమన్నాడు. మార్చాను. ఏమీ మారలేదు.

తర్వాత వచ్చిన మనిషి ఇంకాస్త తెలివైనవాడు. "టీవీ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కండి, ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు. నొక్కాను. 3840×2160 అని వచ్చింది. "చూశారా మేడమ్, 4కె వస్తోంది. బాక్స్‌లో లోపం లేదు. కంప్లయింట్ క్లోజ్ చేస్తున్నాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కళ్లెదురుగా మసక కనిపిస్తోంది, టీవీ మాత్రం 4కె అని చెప్తోంది. ఆ రాత్రంతా నాకు అదే టెన్షన్.

నేను మళ్లీ కంప్లయింట్ తెరిపించాను. ఈసారి మాట్లాడినతను నేను చెప్పేది సగంలో ఆపి, "మేడమ్, ఇంట్లో సార్ ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి, వాళ్లకు చెప్తాను" అన్నాడు. స్పీడ్ టెస్ట్ ఫొటోలు పంపింది నేను. కేబుల్ మార్చింది నేను. వాళ్ల మాన్యువల్‌లో లేని సంగతులు వాళ్లకు చెప్పింది కూడా నేనే. అయినా సార్ కావాలట. "మీరు నాతోనే మాట్లాడాలి" అన్నాను. దానికి అతను, "అయితే ఒకసారి కళ్లు చెక్ చేయించుకోండి మేడమ్, చాలామందికి అలా అనిపిస్తుంది" అన్నాడు. పక్కనే స్పీకర్‌లో వింటున్న అమ్మ ముఖం ఎర్రబడింది. నాకు చేతులు వణికాయి. తెలియని విషయాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు, ఎదుటి మనిషిని అవమానించడానికి మాత్రం ఎందుకు సిగ్గుపడరో నాకు అర్థం కాదు. అడిగేది ఆడవాళ్లయినా, పెద్దవాళ్లయినా, ఇంగ్లిష్ రానివాళ్లయినా ప్రశ్న ప్రశ్నే. జవాబు చెప్పడానికే వాళ్లకు జీతం ఇచ్చేది.

ఫోన్ పెట్టేసి నా దారి నేను చూసుకున్నాను. స్నేహితురాలి ఇంటి నుంచి పేరున్న కంపెనీ స్టిక్ ఒకటి తెచ్చి, అదే టీవీకి, అదే పోర్టుకు తగిలించి, అదే సీరియల్‌లో అదే సీన్ పెట్టాను. తేడా చూసి అమ్మ గట్టిగా "అదిగో!" అంది. కళ్లు బాగానే ఉన్నాయి, మా ఇద్దరివీ.

ఇక బాక్స్‌లో, వీడియోలను కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు వివరాలు చూపే డీఆర్ఎమ్ ఇన్ఫో అనే చిన్న యాప్ వేసి చూశాను. అందులో వైడ్‌వైన్ అనే శీర్షిక కింద సెక్యూరిటీ లెవెల్ దగ్గర ఎల్3 అని ఉంది. మొత్తం సమస్య ఆ ఒక్క అక్షరం, ఒక్క అంకెలో ఉంది.

సంగతి ఇదీ. డబ్బు కట్టి చూసే వీడియోలు తాళం వేసి పంపిస్తారు. ఆండ్రాయిడ్ పరికరాల్లో ఆ తాళం తీసే పద్ధతి పేరు వైడ్‌వైన్. 2010లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. అందులో ఎల్1, ఎల్2, ఎల్3 అని మూడు స్థాయిలు. ఎల్1 అంటే తాళం తీయడం, వీడియోను విప్పడం రెండూ చిప్‌లోని భద్రమైన భాగంలోనే జరుగుతాయి, మధ్యలో కాపీ చేయడం చాలా కష్టం. ఎల్3 అంటే ఆ పని మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది, దొంగిలించడం తేలిక. అందుకే ఎల్3 పరికరానికి నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీ ఇవ్వవు, 480పీ స్థాయి దగ్గరే ఆపేస్తాయి. యూట్యూబ్‌లో ఉచితంగా చూసే మామూలు వీడియోలకు ఆ తాళమే ఉండదు, కాబట్టి అవి పదునుగా వస్తాయి.

మరి టీవీ 3840×2160 అని ఎందుకు చూపించింది? బాక్స్ తన దగ్గరకు వచ్చిన చిన్న బొమ్మను సాగదీసి 4కె సైజుకు పెంచి టీవీకి పంపుతోంది. టీవీకి కనిపించేది ఆ సైజే. 4కె ఫ్రేములో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. 480పీలో సుమారు 4 లక్షలు. అంటే ఇరవయ్యో వంతు సమాచారాన్ని తెర నిండా పరిచారు. సబ్‌టైటిల్స్ బాక్స్ తనంతట తాను తర్వాత పైన రాస్తుంది కాబట్టి అవి చక్కగా ఉన్నాయి. ఇన్ఫో బటన్ నొక్కించినతను చెప్పాల్సింది ఇదే. ఈ చిక్కును నేను ఒంటరిగా విప్పుకున్నాను, అందుకు నాకు గర్వంగానే ఉంది.

అంతటితో ఆగలేదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ దగ్గర చూస్తే, ఆ బాక్స్‌కు గూగుల్ సర్టిఫికేషన్, అంటే గూగుల్ పరీక్షించి ఇచ్చే ఆమోదం, లేదని రాసి ఉంది. ఇది బొమ్మ నాణ్యతకు మించిన విషయం. ఇలాంటి సర్టిఫికేషన్ లేని ఆండ్రాయిడ్ పరికరాల్లో ఫ్యాక్టరీ దశలోనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చేరి వస్తున్న సంఘటనలు బయటపడ్డాయి. బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో వాటి గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను హెచ్చరించింది. మరుసటి నెలలో గూగుల్ కోర్టుకు వెళ్తూ, అలా సోకిన పరికరాలు కోటికి పైగా ఉన్నాయని చెప్పింది. మా బాక్స్‌లో అది ఉందని నేను అనడం లేదు. కానీ లేదని చెప్పగలిగేవాళ్లు కూడా ఎవరూ లేరు. అందుకే వైఫై నుంచి వెంటనే తీసేశాను. ఆ బాక్స్‌లో లాగిన్ అయిన ప్రతి అకౌంట్‌కూ ఫోన్‌లోంచి 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కొట్టి, పాస్‌వర్డ్‌లు మార్చాను. మీరు కూడా ఇలాంటిది వాడి ఉంటే ఫ్యాక్టరీ రీసెట్‌తో సరిపెట్టకండి. మాల్‌వేర్ ఫ్యాక్టరీలోనే చేరి ఉంటే రీసెట్‌తో పోకపోవచ్చు.

డబ్బు వాపసు కోసం ఈసారి ఫోన్ చేయలేదు. ఎల్3 స్క్రీన్‌షాట్, సర్టిఫికేషన్ లేదన్న స్క్రీన్‌షాట్, వాళ్ల ప్రకటన ఫొటో, మూడూ ఈ-మెయిల్‌కు జతచేసి రెండే ప్రశ్నలు రాశాను: వైడ్‌వైన్ ఎల్1 ఉందా? నెట్‌ఫ్లిక్స్ సర్టిఫికేషన్ ఉందా? ఫోన్‌లో అంత పొగరుగా మాట్లాడినవాళ్లు రాతలో ఒక్క ముక్క జవాబు చెప్పలేదు, వస్తువు వెనక్కి తీసుకుంటామని మాత్రం రాశారు. నిన్న డబ్బు తిరిగి వచ్చింది. క్షమాపణ రాలేదు. ఏ కంపెనీతో గొడవైనా ఫోన్ మానేసి రాతలోకి దిగండి, అక్కడ వాళ్లు మీ కళ్లను తప్పుపట్టలేరు.

ఇప్పుడు టీవీకి ఉన్నది గూగుల్ టీవీతో వచ్చిన, సర్టిఫికేషన్ ఉన్న చిన్న పరికరం. స్టోరేజీ 8 జీబీయే, సిస్టమ్ పోగా చేతికి వచ్చేది ఇంకా తక్కువ. కావాల్సిన యాప్‌లు నాలుగైదు పెట్టుకుంటే చాలు, తమ్ముడు చెప్పిన 64 జీబీ మాకు దేనికీ అక్కర్లేకపోయింది. వీటికి కరెంటు మాత్రం టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచి ఇవ్వకండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, చాలా స్టిక్‌లు 1 ఆంపియర్ అడుగుతాయి. చాలకపోతే మధ్యలో రీస్టార్ట్ అవుతాయి. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్‌కు పెట్టండి. టీవీ వెనక ఇరుక్కుని వైఫై సరిగా అందకపోతే హెచ్‌డీఎమ్‌ఐ ఎక్స్‌టెండర్‌తో కాస్త బయటికి లాగండి, రూటర్ అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (ఒకే రిమోట్‌తో టీవీని, పరికరాన్ని నడిపించే సౌకర్యం) ఆన్ చేస్తే అమ్మకు రెండు రిమోట్ల బాధ తప్పుతుంది. మాకు తప్పింది.

తమ్ముడు ఇప్పుడు స్నేహితులకు ఎల్1 గురించి తనే కనిపెట్టినట్టు చెప్తున్నాడు. చెప్పనివ్వండి, నలుగురికి తెలిస్తే మంచిదే. అమ్మకం పేజీలో మాత్రం ఇంకా అదే 4కె, అదే హెచ్‌డీఆర్ రాసి ఉంది. ఎల్3 స్క్రీన్‌షాట్‌తో నేను పెట్టిన రివ్యూ మాయమైంది. ఈ ఉదయం అదే ఫొటోతో మళ్లీ పెట్టాను.